సున్నా సారూ, కప్పల గుంటా

జంతుశాస్త్రం సారుకి సున్నా అంటే ప్రాణం. పిల్లలు పొద్దున్నే యూనివర్సిటీ అంతా తిరిగి, ఏ పిట్ట ఎన్ని కనిపించిందో, ఏ పురుగు ఎన్ని కనిపించిందో పుస్తకంలో రాసుకొచ్చేవాళ్లు. ముప్పై పిట్టలు చూసొచ్చినవాడికి "ఊఁ" అనేవారు. ఏమీ కనపడలేదని తల దించుకున్నవాడికి మాత్రం కుర్చీ లాగి, సొంత ఫ్లాస్కులోంచి టీ పోయించేవారు.

"సున్నా అని రాశావా?"

"రాశాను సార్."

"భేష్. అమ్మా, వీడికి ఇంకో అరకప్పు."

ఆ పిలుపు ల్యాబ్ అటెండరుకి. పిల్లలకి ఆమె అక్క. పద్దెనిమిదేళ్లుగా ఆ గది తాళాలతోపాటు సారుని భరించే పని కూడా ఆమెదే. ఇంట్లో ఆయన భార్య ఎప్పుడో చేతులెత్తేసింది. టమాటాలకి పంపితే ఖాళీ సంచీతో వచ్చి, "సున్నా. ఆరు కొట్లు చూశాను" అని ధీమాగా చెప్పే మనిషితో ఎవరు వేగుతారు?

ఒకసారి ఒకడు హాస్టల్లో మంచం దిగకుండానే పుస్తకం నింపేశాడు. మిట్టమధ్యాహ్నం పద్నాలుగు గుడ్లగూబలు. సారు ఓపిగ్గా చదివి, "నాయనా, నువ్వు పడుకుని వాటిని లేపావా?" అన్నారు. ఆ తర్వాత వాడు సున్నా రాయడం నేర్చుకున్నాడు.

ఇంతలో హాస్టల్ వెనక నీటిగుంటకి ముప్పొచ్చింది. దాన్ని పూడ్చి బళ్లు నిలపాలన్నాడు ఇంజనీరు. వేసవిలో రెండుసార్లు చూశాడట, ఒక్క జీవి లేదట. కప్పలున్నాయని సారు. వానలు పడ్డాక మీటింగులో తేల్చుదామన్నారు యూనివర్సిటీ పెద్దసారు.

అంత ముఖ్యమైన గుంటని సారు ఎవరికి అప్పగించారు? రెండుసార్లు పరీక్ష తప్పి, పెట్టె సర్దుకుంటున్న ఒక బెదురుగొడ్డు పిల్లకి. ఆ పిల్ల మాట పక్కనున్నవాళ్లకే వినపడదు. రోజూ అరగంట గుంట గట్టున కూర్చుని కప్పల్ని లెక్కపెట్టాలి. గుంటేమో నెర్రెలిచ్చి ఉంది. సున్నా. మర్నాడూ సున్నా.

నెల తిరిగేసరికి అక్కకి ఒళ్లు మండింది. "ఏమే, నీ సున్నాలన్నీ ఆ ఇంజనీరుకే పనికొస్తాయి. రెండు కప్పలు రాసి పారెయ్. ఎవరొచ్చి చూస్తారు?"

"నేను చూశాను కదక్కా, లేవని," అంది ఆ పిల్ల. పెన్సిలు గట్టిగా నొక్కి మరీ సున్నా చుట్టింది.

తొంభై ఒక్క సున్నాలు. తొంభై ఒక్క కప్పుల టీ. తొంభై రెండో రోజు తెల్లారకముందే వాన దంచింది. ఏడింటికి ఆ పిల్ల మోకాళ్లదాకా బురదతో ల్యాబులోకి వచ్చి పడింది.

"రెండు వందల పన్నెండు సార్, అన్నీ నేలలోంచే లేచొచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను."

"ఊఁ," అన్నారు సారు.

టీ లేదు. అక్కకి ఆయన నెత్తిన ఆ ఫ్లాస్కు బోర్లించాలనిపించింది.

ఆ మధ్యాహ్నం మీటింగుకి పుస్తకాలు మోసుకెళ్లింది అక్కే. ఇంజనీరు నవ్వాడు. "నిన్నటిదాకా ఒక్కటీ లేదు, ఇవాళ రెండొందల పన్నెండా? కాగితమ్మీద ఎన్నయినా పుడతాయి."

సారు వెనక కూర్చున్న పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల లేచింది. గొంతు ఆఖరి కుర్చీదాకా వినపడింది. "అబద్ధమే రాయాలనుకుంటే తొంభై ఒక్క రోజులు ఎందుకాగుతాను సార్? మొదటిరోజే రాసేదాన్ని."

పెద్దసారు పుస్తకం తీసుకుని తిప్పారు. సున్నా, సున్నా, సున్నా. తిప్పగా తిప్పగా రెండు వందల పన్నెండు. కళ్లజోడు తీసి ఇంజనీరు వైపు చూశారు. "బళ్లు గేటు పక్కన పెట్టుకుందాం."

ల్యాబుకి తిరిగొచ్చాక అక్క అడిగేసింది. "అంతమంది చురుకైన పిల్లలుండగా దీనికెందుకిచ్చారు సార్?"

"తప్పుతానని భయపడే పిల్లకి తప్పడానికి వీల్లేని పని ఇవ్వాలి కదమ్మా. చూసింది రాస్తే చాలు, అదే సరైన జవాబు."

"మరి ఇవాళ టీ కూడా పోయించలేదే?"

"రెండొందల కప్పల్ని చూసినదానికి టీ ఎందుకు? ముఖం చూశావుగా, వెలిగిపోతోంది. టీ కావలసింది ఉత్త చేతులతో వచ్చేవాళ్లకి."

సారు కప్పు ముందుకు జరిపారు. అక్క ఫ్లాస్కు ఎత్తి ఊపి చూసింది.

"సున్నా సార్."

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆయన సున్నాని నమ్మలేదు.

"ఇంకోసారి చూడమ్మా," అన్నారు.