జ్వరం చూసే చెయ్యి

భద్రాచలం నుంచి వచ్చే ఆ మెకానిక్, కంప్యూటర్ విప్పేముందు పసిబిడ్డకు జ్వరం చూసినట్టు సీపీయూ మీద అరచెయ్యి ఆనించేది.

దుమ్ముగూడెంలోని నా డీటీపీ షాపు కోసం విడిభాగాలు కొని నేనే బిగించుకున్న కంప్యూటర్ అది. కంపెనీ ఎప్పుడో అప్‌డేట్లు ఆపేసిన పాత సిస్టంతో నడుస్తుంది. మూడేళ్లుగా టైపు చేస్తున్న కోయ పాటల పుస్తకం అందులోనే ఉంది. దాని ఫాంటు కొత్త సిస్టంలో తెరుచుకోదు. పోయిన దసరా దాటగానే కంప్యూటర్ అరగంటకోసారి ఆగిపోసాగింది. అడిగిన వాళ్లందరూ పాత సిస్టం తీసెయ్యమన్నారు.

ఆమె మాత్రం చెయ్యి ఆనించి, సీపీయూకున్న కుంకుమ బొట్టు చూసింది.

"గింత కాలుతుందేంది! పూజకు దండ గిట్ల ఏసినవా అన్నా?"

"అవ్ చెల్లె, బంతిపూల దండ."

పైన జాలీ విప్పింది. ఫ్యాను రెక్కలకు అడ్డంపడ్డ ఎండు బంతి రేకులన్నీ ఏరి నా దోసిట్లో పోసింది.

"సిస్టం పాతదైతే ఏమాయె? దానికి గాలాడాలె గద."

గంట గడిచినా కంప్యూటర్ ఆగలేదు. పుస్తకం చివరి పాటదాకా తెరుచుకున్నాక గాని నేను కుర్చీలో వెనక్కి వాలలేదు.

ఈ దసరాకు దండ వెయ్యలేదు. ఇంట్లో వాళ్లు దణ్ణం పెడుతుంటే, నేను సీపీయూ మీద అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది.