నూతిలో కొండెక్కిన దీపం

ఊపిరి గురించి ఎవరైనా మెత్తమెత్తగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా బడికి ఒకాయన వచ్చి టీచర్లందరినీ చాపల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నాడు. "గహరీ సాఁస్ లీజియే మేడమ్" అంటూ, లోతుగా ఊపిరి తీసుకోమని నా దగ్గరికొచ్చి ప్రత్యేకంగా చెప్పాడు. నేను లేచి బయటికొచ్చేశాను. తర్వాత హెడ్మాస్టరు పిలిచి అడిగితే మోకాలి నొప్పి అన్నాను. మోకాలికేం, దివ్యంగా ఉంది. గుర్తొచ్చింది నా తమ్ముడు.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మీడియం పిల్లలకి జీవశాస్త్రం చెబుతాను. ముప్ఫై ఏళ్లు కావస్తోంది. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ గలగలా మాట్లాడతారు కానీ పుస్తకంలో తెలుగు కనిపిస్తే బిత్తరపోతారు. అందుకే శ్వాసక్రియ పాఠం చదివించను, చేసి చూపిస్తాను. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి ఆరిపోతుంది. మంటకి ఆక్సిజన్ కావాలి, మనకీ కావాలి అంటాను. మన ఒంట్లో ఒక్కో కణమూ తిన్న తిండిని ఆక్సిజన్‌తో, మంట లేకుండా మండించుకుంటుందనీ, ఆ శక్తితోనే మనం లేచి నడుస్తాం, ఆలోచిస్తాం, గుర్తుపెట్టుకుంటాం అనీ చెబుతాను. సునామీ రావడానికి రెండు నెలల ముందు కూడా ఇదే చెప్పాను. ఈ చేత్తోనే గ్లాసు బోర్లించాను.

మా అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నాన్న చేపల వేటకని దీవులకొచ్చి, సిప్పీఘాట్‌లో క్రీకు అనే సముద్రపు పాయ పక్కన ఇల్లు వేసుకుని ఉండిపోయాడు. నాకు ఉద్యోగం వచ్చాక డెలానీపూర్ క్వార్టర్సుకి మారిపోయాను. తమ్ముడు పెళ్లయ్యాక కూడా అమ్మానాన్నలతోనే ఉన్నాడు. డుంగీ అని మేం పిలిచే చిన్న పడవ మీద రోజూ వేటకెళ్లేవాడు.

సునామీ రోజు మావాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. సముద్రం క్రీకులోంచి తన్నుకొచ్చి పొలాలు ముంచేసింది. నేల కుంగిపోవడంతో చాలాచోట్ల ఆ నీళ్లు మళ్లీ వెనక్కి పోనేలేదు. మా ఇల్లు కాస్త ఎత్తులో ఉండబట్టి నిలిచింది. పెరట్లో నుయ్యి మాత్రం ఉప్పునీళ్లతో, ఆకులతో, గడ్డితో, చచ్చిన చేపలతో నిండిపోయింది. నాలుగు నెలలు ట్యాంకరు నీళ్లే గతి. అమ్మ ఎండలో బిందె పట్టుకుని లైన్లో నిలబడుతుంటే చూడలేక తమ్ముడు నుయ్యి బాగుచేద్దామన్నాడు. వానలు పడేలోపు బురద తీసేస్తే కొత్త నీరు ఊరుతుందని వాడి ఆశ.

ఆ నాలుగు నెలల్లో దేవుడి మాట వింటే నాకు చిర్రెత్తుకొచ్చేది. సముద్రం ఎందుకొచ్చిందంటే ఒక్కొక్కరూ ఒక్కో పాపం పేరు చెప్పేవారు. రిలీఫ్ క్యాంపులో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఒక పెద్దమనిషి "ఏ జన్మలో ఏం చేశావో తల్లీ" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. ఆ కోపమంతా మిగిలినవాళ్ల మీద తీర్చుకునేదాన్ని. ఎవరి చేతిలో దీపమో కొబ్బరికాయో కనిపిస్తే చాలు, భూమి పలకలు ఎలా కదులుతాయో నిలబెట్టి పాఠం చెప్పేదాన్ని. అమ్మకీ చాలాసార్లు చెప్పాను.

ఒక శనివారం అద్దె పంపు పెట్టి నూతిలో నీళ్లు తోడేశారు. ఆదివారం పొద్దున్నే నేనూ వెళ్లాను. అడుగున నల్లటి బురద, కుళ్లిన కంపు. తమ్ముడి నడుముకి అమ్మ తాడు కట్టింది. వాడు వద్దన్నా వినలేదు. తర్వాత ప్రమిద తెచ్చి నూనె పోసింది. మావాళ్లలో ఎవరు నూతిలో దిగినా ముందు దీపాన్ని దింపుతారు. అది అడుగుదాకా వెలుగుతూ వెళితే గంగమ్మ ఒప్పుకున్నట్టు. కొండెక్కితే ఆ రోజుకి ఎవరూ దిగరు. ఎందుకని అడిగితే అమ్మకి గంగమ్మ తప్ప వేరే జవాబు తెలీదు. వాళ్లమ్మకీ తెలిసుండదు.

లాంతరు సునామీలో కొట్టుకుపోయింది కాబట్టి ప్రమిదని బకెట్టులో పెట్టి దింపింది. సగం దాటగానే ఆరిపోయింది.

"కొండెక్కిపోనాది. ఈయాల వద్దు నాయినా," అంది తమ్ముడితో.

"గాలికి ఆరిందమ్మా," అన్నాను.

మళ్లీ వెలిగించి దింపింది. సరిగ్గా అక్కడే మళ్లీ ఆరిపోయింది.

"అదే సోట ఆరింది, సూసినావేటే? గంగమ్మకి ఇష్టం నేదు."

"గాలమ్మా, గాలి! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

నూతిలో గాలేమిటి? చుట్టూ గోడ. పైన కొబ్బరాకు కూడా కదలడం లేదు. నా ప్రయోగమే నా కళ్లెదుట రెండుసార్లు జరిగింది, గ్లాసు బదులు నుయ్యి, కొవ్వొత్తి బదులు ప్రమిద. అమ్మ నోట గంగమ్మ పేరు రాకపోయి ఉంటే గుర్తుపట్టేదాన్నేమో. ఆ పేరు వినగానే నా బుర్ర మూసుకుపోయింది. చదువుకున్నానన్న పొగరు అంతకంటే ఏం చేస్తుంది?

రిలీఫ్ సంచిలో ఇచ్చిన టార్చిలైటు వసారాలో ఉంటే తెచ్చి, వెలిగించి, తాడుకి కట్టి నేనే దింపాను. అడుగుదాకా వెలుగుతూ వెళ్లింది. బురద, అందులో కూరుకుపోయిన గిన్నె, అన్నీ స్పష్టంగా కనిపించాయి. బ్యాటరీ లైటుకి ఊపిరితో పని లేదు.

"చూడు, ఆరలేదు. మీ గంగమ్మ దీనికి ఒప్పుకుంది," అని అమ్మని వెటకారం కూడా చేశాను.

తమ్ముడు పకపకా నవ్వాడు. "టీచరమ్మ పాస్ చేసేసింది. కుఛ్ నై హోతా, ఏటీ అవదమ్మా, ఇప్పుడే వచ్చెత్తాను," అని దిగాడు.

గోడకి దిగేసిన ఇనప మెట్లు పట్టుకుని అడుగుకి చేరి, బురద తియ్యడానికి వంగాడు. మళ్లీ నిటారుగా లేవలేదు. అలసిపోయినవాడిలా గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఏట్రా, కూకుండిపోనావు?" అని నాన్న కేకేశాడు. జవాబు లేదు. నాన్న మెట్టు మీద కాలు పెట్టాడు. పక్కింటతను, రాంచీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది, పరుగెత్తుకొచ్చి నాన్నని వెనకనుంచి వాటేసుకుని ఆపాడు. "మత్ ఉతరో చాచా! గ్యాస్ హై, తుమ్ భీ మరోగే!" అని, లోపల గ్యాసుంది, దిగితే నువ్వూ చస్తావని అరిచాడు. అందరం తాడు లాగాం. తాడు ఒక మెట్టుకి చిక్కుకుంది. దాన్ని విడిపించి వాణ్ని పైకి తెచ్చేసరికి ఎన్ని నిమిషాలైందో తెలీదు. చేతికి వాచీ ఉండి కూడా చూసుకోలేదు. తమ్ముడి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పక్కింటతను వాడి నోట్లో నోరు పెట్టి ఊదాడు, గుండె మీద నొక్కాడు, మళ్లీ ఊదాడు. అలా ఎలా చెయ్యాలో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చూపించే నేను టార్చి తాడు పట్టుకుని నిలబడిపోయాను.

నూతిలో ఏం జరిగిందో నాకు అడగకుండానే తెలుసు. అందులో కుళ్లుతున్న ఆకుల్నీ చేపల్నీ కంటికి కనపడని సూక్ష్మజీవులు నాలుగు నెలలుగా తింటున్నాయి. వాటికీ శ్వాసక్రియ ఉంటుంది. అక్కడున్న ఆక్సిజన్ వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అది మామూలు గాలికన్నా బరువు, నీళ్లు తోడేశాక బురద మీద పేరుకుని కూర్చుంది. నూతి నిండా వాటి ఊపిరే. ఒంట్లో ఆక్సిజన్ అందకపోతే ముందు దెబ్బతినేది మెదడు కణాలనీ, కొన్ని నిమిషాల్లోనే చావడం మొదలవుతాయనీ తెలుసు. ఇదంతా పరీక్షలో పిల్లల్ని అడుగుతాను.

తమ్ముడు బతికాడు. చెయ్యి వణుకుతుంది, వల ముడి వెయ్యలేడు. పాత సంగతులన్నీ గుర్తున్నాయి కానీ కొత్తవి నిలవవు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. జ్ఞాపకాలు దాచుకునే చోట కణాలు ఆక్సిజన్ లేకపోతే అసలు తట్టుకోలేవని డాక్టరు వివరించాడు. నాకే వివరించాడు! డుంగీ అమ్మేశారు. మరదలు బజారులో చేపలు కోసి ఇల్లు నడిపింది.

ఊళ్లోవాళ్లు ఏమన్నారో తెలుసా? గంగమ్మ దయతలచి వదిలేసిందన్నారు కొందరు. టీచరమ్మ దగ్గరుండబట్టి బతికాడన్నారు మిగతావాళ్లు. వినలేక చచ్చేదాన్ని. పుస్తకంలో కొవ్వొత్తి ఉంది, నుయ్యి లేదు. అమ్మ దగ్గర నుయ్యీ దీపమూ ఉన్నాయి, ఆక్సిజన్ అన్న మాట లేదు. రెండూ తెలిసినదాన్ని ఆ పెరట్లో నేనొక్కదాన్నే. పుస్తకం మీద కోపం వచ్చింది, గంగమ్మ మీద వచ్చింది, దిగేముందు నవ్విన వాడి మీద కూడా వచ్చింది. ఎటు తిప్పినా ఆ కోపం నా దగ్గరికే వచ్చి ఆగేది.

అందరికన్నా ఎక్కువ కోపం అమ్మ మీద. టార్చి సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు రోజూ "నాకేటైనాదమ్మా?" అని అడిగేవాడు. అమ్మ రోజూ ఒకటే చెప్పేది: "మీ యక్క దిగొద్దని సెప్పింది. నువ్వే మొండికేసి దిగినావు." ఏళ్ల తరబడి వినగా వినగా అదొక్కటే వాడిలో నాటుకుంది. నేనెప్పుడు వెళ్లినా పక్కన కూర్చుని, "నీ మాట వినుంటే బాగున్ను అక్కా. మాఫ్ చెయ్యి," అనేవాడు.

"ఎందుకమ్మా వాడికి అబద్ధం చెప్పావు?" అని ఒకరోజు వంటింట్లో అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నానూ మీ నాన్నా పోయాక ఆణ్ని సూడాల్సింది నువ్వే గదా," అంది అమ్మ, బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా. "నీ మీద కోపం పెట్టుకుంటే ఇంకెవులి కాడికి పోతాడే?"

నిజానికి ఆ అబద్ధం నాకూ చల్లగానే ఉంది. అందుకే అమ్మ బతికున్నంతకాలం నోరు మూసుకున్నాను, క్షమాపణలు చెప్పించుకున్నాను. సిగ్గులేకుండా.

నాన్న పోయాడు, తర్వాత అమ్మా పోయింది. పోయిన ఎండాకాలం నుయ్యి మళ్లీ బాగుచేయించాం. ఇప్పుడు నీళ్లు తియ్యగా ఉన్నాయి. మనిషిని దింపేముందు తమ్ముడే ప్రమిద వెలిగించి బకెట్టులో పెట్టాడు. పాత అలవాటు కదా, పోలేదు. వణికే చేత్తో తాడు వదులుతూ పోయాడు. దీపం అడుగుదాకా వెలుగుతూ వెళ్లింది.

"సూడక్కా, ఆర్లేదు. ఆ రోజు నీ మాట వినుంటే..."

"అది నా మాట కాదురా," అన్నాను. "వద్దన్నది అమ్మ. దీపం రెండుసార్లు ఆరింది. టార్చి దింపి నిన్ను దిగనిచ్చింది నేను."

వాడు తాడు వదిలేశాడు. అది జారి అడుగున బకెట్టు మీద పడ్డ చప్పుడు వినిపించింది.

"నువ్వా?" అన్నాడు. "దీపం ఆరిపోతే టార్చి దింపినావా? పిల్లలకి అదే పాఠం సెప్పుకుని బతుకుతావు గదా! నా సముద్రం పోనాది. నా డుంగీ పోనాది. ఎల్లిపో ఇక్కడ్నించి. నీ మొకం సూడను." వాడి మెడ నరాలు ఉబ్బాయి. ఇరవై ఏళ్లుగా నాకు రావాల్సిన తిట్లు అవి. నిలబడి అన్నీ తిన్నాను. చాలా కాలం తర్వాత ఆ రోజు నా ఛాతీ నిండా ఊపిరి ఆడింది.

మరదలు పోనివ్వకపోతే అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున వసారాలో కూర్చుంటే, మరదలు ఇచ్చి పంపిన టీ గ్లాసు తమ్ముడు తెచ్చాడు. సగం చేతిమీదే ఒలికిపోయింది. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"ఎప్పుడొచ్చినావక్కా?" అంటూ పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు నీ మాట వినుంటే బాగున్ను అక్కా. మాఫ్ చెయ్యి."

గ్లాసు కింద పెట్టి, మళ్లీ మొదటినుంచీ చెప్పాను.