తీసేయమన్న ఇంటిపేర్లు

వేలూరులో ఒక లుంగీల కంపెనీలో నేను లెక్కలు చూస్తాను. గుడియాత్తం నేతగాళ్లకు మేం నూలు అరువిస్తాం. వాళ్లు బ్యాంకులో కట్టిన డబ్బు ఎవరి ఖాతాదో కంప్యూటర్ సరిచూస్తుంది.

మా వైపు కాగితాల్లో ఇంటిపేరు రాయరు. తండ్రి పేరులో మొదటి అక్షరం చాలు. అందుకే మాకు కె. మునుసామిలే ఐదుగురు. వాళ్లు కలిసిపోకుండా సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరు, వీధి, మగ్గాల సంఖ్య అని మూడు గడులు చేర్చి, ఒక గ్రూపుగా పెట్టుకున్నాను. పోయిన ఏడాది కొత్తగా వచ్చిన మేనేజరు ఆ గ్రూపును ఆపేసి, పేరొక్కటే చూసి లెక్క సరిచూడమన్నాడు.

మరుసటి వారమే ఒక మునుసామి బ్యాంకు రసీదు పట్టుకుని వచ్చాడు. బాకీ కట్టలేదని ఆయనకు నూలు ఆపేశారట.

"దొంగ రసీదు తెచ్చినావా?" అన్నాడు మేనేజరు, అందరి ముందూ.

పెద్దాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"మీ ఇంటిపేరేంది నాయనా?" అని అడిగాను.

"బండివాళ్లం అమ్మా. కాగితంలో యాడా ఉండదు."

"నా దగ్గర ఉండాది."

ఆపేసిన గ్రూపు మళ్లీ తెరిచి, రసీదుతో పోల్చి చూపించాను. బండివారి డబ్బు వేరే మునుసామి ఖాతాలో పడి ఉంది.

మేనేజరు గొంతు తగ్గించి, "అది సరిచేసి, ఆ గడులు తీసేయ్" అన్నాడు.

"నేను తీయను సార్. మీరే తీయండి, ఈయన చూస్తా ఉండంగా."

మౌస్ మేనేజరు వైపు జరిపాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. ఈమధ్య ఎవరినీ అడగకుండా నాలుగో గడి కూడా చేర్చాను: ఊళ్లో పిలిచే పేరు.

— సుగుణ, బాగాయం