పెట్రోలు ముల్లు

మా నాయనకు ఒక పాత కారు ఉంది. మా తాత కాలంలో కొన్నది. కొత్త కార్లు ఇంటింటికీ వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు దానికే గిరాకీ. హిందూపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు దాన్ని బాడుగకు పిలుస్తారు. ఊరేగింపుగా సాగే మెరవణిలో పెళ్ళికొడుకు అందులో కూర్చోవాలి, పెళ్ళికి ముందు పెనుకొండ కోట గోడల దగ్గర జంట దాన్ని ఆనుకుని నిలబడి ఫోటోలు దిగాలి. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే తోలుకుని పోతాడు. ఇంకొకరి చేతికి స్టీరింగు ఇవ్వడు. కూతురినైన నాకు కూడా ఇవ్వడు.

ఆ కారులో ప్రతిదీ పుట్టినప్పటిదే అని ఆయన గొప్ప. పెట్రోలు మీటరు మాత్రం పుట్టినప్పుడే లేదు. ట్యాంకు వెనక డిక్కీలో ఉంటుంది. దాని మూత తీసి, లోపలికి కర్ర ముంచి చూసుకోవాలి.

కర్ర ముంచే పని మా అమ్మది. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు, నాకు బుద్ధి తెలిసేటప్పటికే అది ఆమె పని. నాయన స్టీరింగు ముందు కూర్చున్నాక ఆమె డిక్కీ తెరిచి, కర్రను చీరపేలికతో తుడిచి, ట్యాంకులోకి దించి, పైకి లాగి, తడి ఆరిపోకముందే చూసేది. పెట్రోలు తడి రెప్పపాటులో ఆరిపోతుంది. కర్ర మీద లీటర్ల గుర్తులేమీ లేవు. అమ్మే కొడవలి మొనతో గాట్లు పెట్టింది. అడుగుది పెనుకొండ, దాని పైది ధర్మవరం, ఆ పైది ధర్మవరం పోయి తిరిగి రావడానికి. ఆమె పుట్టిల్లు ధర్మవరం, మగ్గాలున్న ఇల్లు. ఆమెకు కావలసిన దూరాలన్నీ ఆ ఒక్క దారిలోనే ఉన్నాయి. “పెనుకొండ దాకా వస్తాది, ఆడ పోయించుకో” అని వెనకనుంచి గట్టిగా చెప్పేది. నాకు తెలీదా అని నాయన విసుక్కునేవాడు. ఆయనకేం తెలుసు, ఒక్కసారైనా దిగి వెనక్కి పోయి చూస్తే కదా.

వాళ్ళ సంసారం అంతా ఇలాంటి పోట్లాటల మీదే నడిచింది. నేను బడిలో లెక్కలు చెప్తాను. నీకింత కోపం ఎక్కడిది అని తోటి టీచర్లు అడుగుతుంటారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

పోయిన ఎండాకాలం అమ్మ పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు. దినాలు అయిపోయాక నాయన గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అలా కూర్చుంటే మనిషి దక్కడని భయపడి, బాడుగలకు పొమ్మని నేనే పోరు పెట్టాను. పోయాడు. అప్పటినుంచి కారు దారుల్లో ఆగిపోవడం మొదలైంది.

మొదటిసారి చెన్నేకొత్తపల్లి దగ్గర. లారీ డ్రైవరెవరో నాయన ఫోనులోంచి నాకు చేసి, పెద్దాయనకు ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయని చెప్పాడు. నాయనకు షుగరు ఉంది. మిట్టమధ్యాహ్నం, హైవే పక్కన, నీడలేని చోట. ఆ డ్రైవరే పుణ్యం కట్టుకుని పెట్రోలు తెచ్చి పోశాడు. తరువాత పెనుకొండకు ఇవతల ఆగింది. ఆ తరువాత ధర్మవరంలో, నడివీధిలో, పెళ్ళికొడుకు లోపల ఉండగా, ముందర బ్యాండు మోగుతుండగా ఆగింది. మెరవణిలో బండి ఆగితే ఎవరికి మాత్రం మనసు బాగుంటుంది? కొబ్బరికాయ కొట్టి, దిష్టి తీసి, కారును మంటపం దాకా తోసుకుంటూ పోయారట. నాయన దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడట. ఆ ఊరినుంచి మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ఆయనకు మతిమరుపు వచ్చిందనుకున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఈరోజు ఏ వారమని, మనవరాలి పేరేమని అడిగాడు. నాయన అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. అయినా ఈ వయసులో ఇలాగే ఉంటుందని మాత్రలు రాశాడు. ఇంటికొచ్చి నేను డిక్కీ తెరిచి చూశాను. కర్ర ఒక మూల పడి ఉంది, దానికి సాలెగూడు పట్టింది. పేలిక దాని మీదే మడతపెట్టి ఉంది. అమ్మ పెట్టిన మడత. కర్ర ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు కదా అని నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. పైకి కోపమే వచ్చింది. కర్ర ముంచి చూసుకుంటే చేతులు అరిగిపోతాయా అని అరిచాను.

ట్యాంకుకు పెట్రోలు మీటరు పెట్టిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పుట్టినప్పటి ట్యాంకుకు బొక్క కొట్టిస్తావా అన్నాడు. అయితే తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి, ఇంక బండి ఎక్కేది లేదన్నాను. బండి లేకపోతే ఆయన మళ్ళీ గోడకు ఆనుకుంటాడని నాకు తెలుసు, అందుకే ఆ బెదిరింపు పారుతుందనీ తెలుసు. పారింది. తల వంచుకుని సరేనన్నాడు. ఆయన ఏ మాటకూ అంత సులువుగా లొంగిన మనిషి కాదు. అది గెలుపనుకున్నాను.

హిందూపురంలో మాకు తెలిసిన మెకానిక్కు షెడ్డుకు పోయాం. ట్యాంకు విప్పి పెట్రోలు వంచేశారు. వంచినా ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ పడితే పేలుతుందని సబ్బునీళ్ళతో కడిగి, మెడ దాకా నీళ్ళు నింపి, అప్పుడు పైరేకుకు చేత్తో తిప్పే డ్రిల్లుతో చిన్న చిన్న బొక్కలు గుండ్రంగా వేసి, నడుమ బిళ్ళను ఊడదీశారు. నాయన స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఊడిన బిళ్ళను మెకానిక్కు ఆయన చేతిలో పెడితే, తిప్పి చూసి పక్కన పెట్టాడు. ట్యాంకు ఆరాక ఆ బొక్కలోంచి పెట్రోలు మీద తేలే బుడ్డీ, దాని కమ్మీ లోపలికి దించారు. కమ్మీని ట్యాంకు లోతుకు తగ్గట్టు వంచడానికే సగం రోజు పట్టింది. స్టీరింగు పక్కన రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద డయలు పెట్టారు. క్యానుతో పోసే కొద్దీ అందులో ముల్లు మెల్లగా లేచింది. నేను పిల్లలా చప్పట్లు కొట్టాను. నాయన కూడా నవ్వాడు, నా కోసం.

సరిచూసుకోవాలని, ధర్మవరంలో పెద్దమ్మను కూడా చూసినట్టుంటుందని, మరుసటి ఆదివారం ఇద్దరం బయల్దేరాం. ఆయన తోలుతున్నాడు, నేను పక్కన. దారంతా నా కళ్ళు డయలు మీదే. ఇంత తగ్గింది, ఇంకా ఇంతుంది అని ఆగకుండా చెప్తూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. పెనుకొండ దాటాక బండిని పక్కకు తీసి ఇంజను ఆపాడు. పెట్రోలు సగానికి పైనే ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని నేను బ్యాగులో బిస్కెట్ల కోసం వెతుకుతున్నాను.

“నాకు మతిమరుపు ల్యా పాపా,” అన్నాడు. “కర్ర ఆడుండాదని నాకు తెలుసు.”

మరి ఎందుకు ముంచలేదని అడిగాను. ఈసారి మెల్లగానే అడిగాను.

“అది మీయమ్మ పని.” రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. “బండి ఆగినప్పుడంతా ఆమె మింద కోపమొస్తాండె. పెట్రోలు ల్యాదని ముందే చెప్పల్యా సూడు అని తిట్టుకుంటాంటి. తిట్టుకున్నంతసేపు ఆమె పోయిందనేది గ్యాపకం రాదు. డిక్కీ కాడ నిలబడుకోని నాకు ఎదురు చెప్తాన్నట్లే ఉంటాండె.”

బస్సులు మమ్మల్ని దాటుకుని పోతున్నాయి. ఎండలో, చెమటల్లో, షుగరు పడిపోతున్నా ఆయన దిగకుండా ఎందుకు కూర్చున్నాడో, పెళ్ళివాళ్ళు బండిని తోస్తున్నా ఎందుకు కదల్లేదో నాకప్పుడు తెలిసింది. ఆయన మళ్ళీ అలా దారిలో చిక్కుకోకూడదనే కదా నేను ఇదంతా చేసింది. ఆ మాట చెప్పబోయి మానుకున్నాను.

ఆయన మొదటిసారి ఆ డయలు వైపు చూశాడు.

“ఇంగ ఆగదు కదా?” అని అడిగాడు.

“ఆగదు నాయనా,” అన్నాను.

తలూపి బండి తీశాడు. అమ్మ పోయిన రోజు వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను చూసుకోవడంతో ఆయన పక్కన కూర్చుని ఏడ్చే తీరిక నాకు దొరకలేదు. ఆ ఆదివారం ధర్మవరం దాకా ఏడ్చాను. ఆయన ఎక్కడా ఆపకుండా తోలాడు.