మెత్తనీళ్ళ ప్రారంభోత్సవం

ఆ రోజుల్లో బీయస్సీ కెమిస్ట్రీ ప్యాసైన ఆడపిల్లకి లోకంలో తెలియని సంగతంటూ ఉండేది కాదు. గుడివాడ నుంచి బందరుకి కాపురానికొచ్చిన నా నమ్మకమైతే అదీ. డెబ్భైల చివరి సంవత్సరాలవి. పట్టుచీరల మధ్య కెమిస్ట్రీ పుస్తకం కూడా పెట్టెలో పెట్టుకొచ్చాను (అత్తవారింట్లో ఎప్పుడు ఏ పరీక్ష పెడతారో అని). మొదటి వేసవిలోనే పెట్టారు. కాలవలకి నీళ్ళు ఆపేశారు. మునిసిపాలిటీ కుళాయి తాగడానికో బిందెడిచ్చి, దగ్గి, ఊరుకునేది. ఏటా వేసవిలో వంటకి నీళ్ళు పోసే కావిడాయన ఆ ఏడు మానేశాడు. ఇక పెరట్లో బోరే గతి. ఆ నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెడితే ఎంతసేపటికీ ఉడక్క గులకరాళ్ళలా గిన్నెలో గలగలలాడేది. సబ్బు నురగ రాకుండా విరిగిన పాలలా తేలేది. నా జుట్టు కొబ్బరిపీచైంది. ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, మా అత్తయ్యగారు గోడ మీంచి పక్కింటావిడతో, "పాపం, పప్పు ఉడకేయడం కూడా నేర్పలేదు వాళ్ళమ్మ" అనడం విన్నాక నాలోని బీయస్సీ లేచి నిలబడింది.

"తప్పు నాది కాదండీ, నీళ్ళది. ఇది కఠిన జలం. ఇందులో కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయి" అన్నాను.

"ఇన్నేళ్ళూ అవి మా ఇంటికి రాలేదమ్మా. నీతో వచ్చాయి కాబోలు" అన్నారు అత్తయ్యగారు.

వసారాలో పేపరు చదువుకుంటున్న మావయ్యగారు తలెత్తారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయనకి ఊళ్ళో దిద్దడానికి ఏమీ మిగల్లేదు. "మరి దీనికి ఉపాయం ఏమిటమ్మాయ్?" అనడిగారు. చల్లపల్లి వైపు ఒక రైసు మిల్లులో పనిచేసే మా బాబాయి, బాయిలరు లోపల సున్నపు పొలుసు కట్టకుండా నీళ్ళని సాఫ్ట్‌నర్లో మెత్తబరుస్తారని చెప్పేవాడు. అక్కడ కొత్తది పెట్టి పాతది షెడ్డులో పడేశారట. నిలువెత్తు ఇనప గొట్టం, నిండా గోధుమరంగు పూసలు. నీళ్ళు వాటి మధ్య నుంచి దిగితే కాఠిన్యం పూసలకి అంటుకుపోతుంది. పూసలు అలిసిపోతే ఉప్పునీళ్ళు పట్టించి కడిగితే మళ్ళీ ఓపిక వస్తుంది. ఇదంతా చేతులు తిప్పుతూ ఉపన్యసించాను. "బందరు నీళ్ళు బాగుపడాలంటే ఉప్పు పొయ్యాలా!" అని అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. మావయ్యగారు మాత్రం చొక్కా వేసుకుని చల్లపల్లి బస్సెక్కారు.

అది ధాన్యం లారీ మీద వచ్చింది. పచ్చరంగు వేసి, మా వారంత పొడుగ్గా, మా వారికంటే దిట్టంగా ఉంది. దాన్ని బిగించడానికి వచ్చిన పెద్దాయన్ని ఊరంతా పంపుల మావయ్య అనేవాళ్ళు. సాయిబుగారు, మహా మర్యాదస్తుడు. బోరునీళ్ళు ఎక్కించే డాబా మీది టాంకు నుంచి గొట్టం దించి, సాఫ్ట్‌నర్లోకి ఎక్కించి, అక్కణ్ణించి వంటింటికీ స్నానాలగదికీ లాగారు. పనంతా అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "అమ్మాయ్, నీళ్ళు మెత్తబడతాయంటున్నావు. ఇప్పుడేం గట్టిగా ఉన్నాయి? చెయ్యి పెడితే దిగుతూనే ఉందిగా?" అన్నారు. నేను కాల్షియం దగ్గర మొదలుపెట్టేసరికి ఆయనకి ఇంకెక్కడో పని గుర్తొచ్చింది.

మర్నాడు పప్పు వెన్నలా ఉడికింది. అత్తయ్యగారు రుచి చూసి "ఊఁ" అన్నారు (ఆ ఊఁ కోసం నా డిగ్రీ వెనక్కిచ్చేయమన్నా ఇచ్చేసేదాన్ని). తర్వాత గ్లాసుడు నీళ్ళు పుక్కిట పట్టి, "ఉప్పగానే ఏడిచాయి" అన్నారు. ఉప్పదనం తీయడం దాని పని కాదని చెప్పాను. "అయితే దానికి ఒక్క పనే వచ్చన్నమాట, మా వాడిలాగ" అన్నారు.

మావయ్యగారికి మాత్రం కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం ప్రారంభోత్సవం అని వీధివీధంతా చెప్పొచ్చారు. అందరూ వచ్చి వసారాలో కూర్చోవాలి, ఆయన మెత్తనీళ్ళతో తొలి స్నానం చేసి వచ్చి మాట్లాడాలి, నేను కాఫీలివ్వాలి. అలాగే వచ్చారు, కూర్చున్నారు. బోరునీళ్ళకి అలవాటుపడ్డ చేత్తో మావయ్యగారు సబ్బుని ఎప్పటిలాగే అరగదీసి ఒళ్ళంతా పట్టించారు. "అమ్మాయ్! నురగే నురగ!" అని లోపల్నించి కేక. వసారాలో చప్పట్లు. కాసేపటికి "పోవట్లేదమ్మాయ్" అని ఇంకో కేక. చెంబుల చప్పుడు, బకెట్ల చప్పుడు. "ఎంత పోసినా జారుతోంది! ఒరేయ్, ఇంకా జారుతోందిరా!"

మా వారు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. "జారుతోందంటే పూసలు అలిసిపోయాయన్నమాట. ఉప్పు పెట్టండి" అన్నాను, కాఫీ కలుపుతూనే. (పుస్తకంలో జారుడు గురించి ఒక్క ముక్క ఉంటే ఒట్టు.) కొత్త పెళ్ళికొడుకు, చెప్పిన మాట వినే రోజులు. వెళ్ళి సాఫ్ట్‌నర్ పక్కనున్న ఉప్పునీళ్ళ తొట్టి వాల్వు తిప్పేశారు. ముందుగా స్నానాలగది వాల్వు కట్టేయాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

"ఒరేయ్! సముద్రం వచ్చిందిరా! కళ్ళు, కళ్ళు!"

అత్తయ్యగారు ఒక్క ఉదుటున లేచి, బోరు కొట్టి, బకెట్టు నింపి తలుపు సందులోంచి అందించారు. ఆ కఠిన జలం ఒంటి మీదున్న సబ్బుకి తగలగానే ఏం జరగాలో అదే జరిగింది. తువ్వాలు చుట్టుకుని, కనుబొమల నుంచి మోకాళ్ళ దాకా తెల్లటి తరకలతో, సున్నం వేసి ఆరని గోడలా మావయ్యగారు వసారాలోకి వచ్చారు. రిటైరైన పోస్టుమాస్టరుగారు, "నీళ్ళు మెత్తబడ్డాయా మాస్టారూ?" అన్నారు.

"నీళ్ళ సంగతి తెలీదండీ. నేను మాత్రం బాగా మెత్తబడ్డాను."

ఇల్లెగిరిపోయేలా నవ్వారు. ఆయనా నవ్వారు, తరకలు రాలేలా. నేను మాత్రం వంటింటి మూల నిలబడి గుడివాడ బస్సు ఎన్నింటికో ఆలోచిస్తున్నాను. అంతలో ఆయనే వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మాయ్, ఆ జారుడేమిటో ముందు నువ్వు నేర్చుకో. తర్వాత నాకు పాఠం చెప్పు" అన్నారు.

చేతులు కడిగి కడిగి చూసుకుని, జారేదంతా సబ్బు కాదనీ మెత్తనీళ్ళ తీరే అంతనీ తేల్చుకున్నాను. పాఠం వసారాలో. ఆయన ముక్కాలిపీట మీద, నేను ఎదురుగా. ముందు ఏ వాల్వు కట్టాలి, ఉప్పు ఎప్పుడు పట్టించాలి, ఎంతసేపు కడిగి బయటికి వదలాలి, వరసగా ఒప్పజెప్పించేదాన్ని. తప్పితే "మళ్ళీ మొదట్నించి" అనేదాన్ని. గుమ్మంలోంచి అత్తయ్యగారు, "గట్టిగా అడుగమ్మా, ఊళ్ళో పిల్లల్ని ఇలాగే ఏడిపించారు" అని ఉత్సాహపరిచేవారు. ఆ తర్వాత ఉప్పు పెట్టినప్పుడల్లా మావయ్యగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అయిందండీ, టీచరుగారూ" అని చెప్పి వెళ్ళేవారు. నా పాండిత్యానికి దక్కిన గౌరవమనుకుని పొంగిపోయేదాన్ని.

మొన్న మా కోడలు నన్ను కూర్చోబెట్టి ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం నేర్పింది. ఆ పని నాకెప్పుడో వచ్చు. చేతులు తిప్పుతూ ఎంత ముచ్చటగా చెబుతోందో పిల్ల! "అలాగా అమ్మా, మళ్ళీ ఓసారి చెప్పు" అన్నాను. అన్నాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.