చావున్న రోజు పాట పెట్టకూడదు

ఆ రోజు క్యాసెట్ తెగలేదు. నేనే ఆపాను. మిల్లులో తెగిందనే చెప్పాను. ఇంట్లో అమ్మకు కూడా నేను వేరుగా చెప్పలేదు.

తొంభైల మొదట్లో ప్రొద్దుటూరులోని ఒక వేరుశనగ మిల్లులో గుమాస్తాగా చేరాను. నలుగురిలో గొంతు పెగలని దాన్ని. అద్దాల గది, ఒక బల్ల, భోజనం తర్వాత చదువుకోవడానికి ఒక నవల ఉంటే చాలనుకున్నాను. కిటికీ అవతలే గ్రేడింగ్ షెడ్డు. గ్రేడింగ్ అంటే యంత్రం ఒలిచిన గింజల్లోంచి పుచ్చులు, ముక్కలు, రాళ్ళు చేత్తో ఏరివేయడం. ఆడవాళ్ళు రెండు వరుసలుగా, ఎదురెదురుగా కూర్చుని ఏరేవారు.

ఆ రెండు వరుసలూ జమ్మలమడుగు దగ్గరి ఒకే ఊరివి. అక్కడి రెండు వర్గాలు చెరొక పార్టీ జెండా పట్టాక కొట్లాటలు ముదిరాయి. ఊళ్ళో నిలవలేక ఇరువైపుల కుటుంబాలూ ప్రొద్దుటూరు చేరి వేర్వేరు పేటల్లో ఉంటున్నాయి. పనికి మాత్రం మా మిల్లుకే రావాలి; ఇక్కడా వర్గానికొక వరుస. ఒక వరుస తాగిన కుండలో రెండో వరుస నీళ్ళు ముంచదు. చూపులన్నీ ఎదుటివాళ్ళ మీద ఉంటే చేతులేం ఏరుతాయి? పుచ్చులు ఎక్కువున్నాయని సరుకు వెనక్కి రాసాగింది.

మా యజమానిని అందరూ సావుకారి అనేవారు. ఆయన టేపు రికార్డరు, ఆంప్లిఫయర్ అనే శబ్దం పెంచే పెట్టె, రెండు స్పీకర్లు కొనుక్కొచ్చారు. "పాట ఇనుకుంటా ఉంటే ఒకరి మొగం ఒకరు సూసుకోవడం తగ్గుతాది. నువ్వే పెట్టు పాపా" అని నాకు అప్పగించారు.

మొదటి రోజే లక్ష్మీదేవి అనే ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "సావున్న దినం మాత్రం పెట్టగాకు పాపా. ఎవురింట్లో అయినా సరే."

ఎందుకని అడిగితే, ఎదుటి వరుస నుంచి నరసమ్మ జవాబిచ్చింది. "మా ఊర్లో అవతలోళ్ళ మనిషి పడితే ఇవతలోళ్ళు మైకు కట్టి పాటలు పెడతారు. ఆ పాట ఇనేదానికంటే మనమూ సచ్చేది మేలు."

రెండు వరుసలూ ఒప్పుకున్న మాట నేను విన్నది అదొక్కటే.

పాటలు నిజంగానే పని చేశాయి. మొదట కాళ్ళు తాళం వేశాయి, తర్వాత గొంతులు లేచాయి. ఒకరోజు నరసమ్మ పాడుతుంటే లక్ష్మీదేవి తల ఎత్తకుండానే, "ఎవురప్పా అది, దున్నపోతుకు జలుబు చేసినట్టుండాది!" అంది. "నీ మొగుడు గురక పెడతాండాడేమో సూసుకోపో" అని నరసమ్మ తిప్పికొట్టింది. రెండు వరుసలూ నవ్వాయి. ఆ రాత్రి డైరీలో ఆ రెండు మాటలే రాసుకున్నాను.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఒక ఉదయం ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. పులివెందులలో పార్టీ మీటింగుకు వెళ్ళి వస్తున్న లక్ష్మీదేవి భర్తను ముద్దనూరు దారిలో ఎదుటి వర్గంవాళ్ళు జీపు ఆపి చంపేశారు. ఆమె అన్నలు ఆమెను తీసుకుపోవడానికి బయలుదేరారు.

సావుకారి చెమట తుడుచుకున్నారు. "వాళ్ళొచ్చే దాకా ఎవురికీ తెలీకూడదు. తెలిస్తే షెడ్డులోనే తలకాయలు పగులుతాయి. పాట ఆపగాకు. ఆపితే అందరికీ తెలిసిపోతాది."

ఆయన భయం అబద్ధం కాదు. నేను క్యాసెట్ తిప్పి వేశాను. కిటికీ అవతల లక్ష్మీదేవి చేట ఊపుతూ ఆ పాట అందుకుంది. ఆ రోజు ఆమె గొంతు బాగుంది. ఎదుటి వరుస కూడా కలిపింది. భర్త దారిలో పడి ఉండగా ఆమె పాడుతోంది, ఆ పాట పెట్టింది నేను. వాళ్ళ ఊళ్ళో మైకు కట్టినవాళ్ళకూ నాకూ తేడా ఏముంది? చరణం మధ్యలో మీట నొక్కాను.

చేటలు ఆగాయి. లక్ష్మీదేవి ఒక్కతే లేస్తుందనుకున్నాను. రెండు వరుసలూ లేచాయి. ప్రతి ముఖం కిటికీ వైపే తిరిగింది. ప్రతి ఒక్కరూ చావు తమ ఇంట్లోనే అనుకున్నారు.

"ఎవురింట్లో పాపా?" అంది నరసమ్మ.

సావుకారి గదిలోంచి పరుగున వచ్చి, "ఏమైంది?" అన్నారు. "తెగింది సార్" అన్నాను. ఆయన షెడ్డులోకి చూసి అదే మాట గట్టిగా చెప్పారు. ఎవరూ కూర్చోలేదు. లక్ష్మీదేవి అన్నల జీపు వచ్చి ఆగేదాకా అలాగే నిలబడ్డారు. అంతసేపూ ఏ వరుసా రెండో వరుసను ఒక్క మాట అనలేదు.

ఆ రోజు తర్వాత ఆ స్పీకర్లు పెట్టమని ఎవరూ అడగలేదు. తర్వాత నేను చేసిన ఉద్యోగాల్లో కూడా, పనివాళ్ళ ఉత్సాహానికి పాటలు పెడదామని ఎవరైనా అంటే, ఎప్పుడు ఆపాలో ముందు వాళ్ళనే అడగమని చెబుతుంటాను.

ఆ రోజు జీపు దిగిన అన్నల ముఖాలు చూడగానే లక్ష్మీదేవికి అర్థమైంది. ఏడవలేదు. నరసమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. జీపు ఎక్కబోతూ ఆగి, నా కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగులో ఇంకా నాలుగు గింజలున్నాయి. ఎదుటి వరుస వైపు చెయ్యి చూపింది.

"పాట పెట్టు పాపా. వీళ్ళ మొగోళ్ళు బతికే ఉండారు గదా."