రవ్వంత జరుగు సామీ

ప్రొద్దుటూరులో మహబూబ్ బాషా ఫోటో స్టూడియో షట్టర్ ఎత్తగానే అనే మొదటి మాట బిస్మిల్లా. రెండో మాట “రవ్వంత జరుగప్పా”. మళ్లీ షట్టర్ దించేదాకా మూడో మాట ఉండదు. వేంపల్లెలో ఒక పెళ్లికొడుకును జరిపీ జరిపీ పందిరి బయటికి పంపించాడు. ఆ ఆల్బమ్ సగందాకా పెళ్లికూతురికి పెళ్లి ఒంటరిగానే జరుగుతుంది.

అలాంటి మనిషిని తోడు చేసుకుని సుబ్బరామయ్య బాలి, జావా దీవులు చూడబోయాడు. జమ్మలమడుగులో గుమాస్తాగా రిటైరైన ఆయనకు ఒకటే కోరిక. పొగ కక్కే కొండ ముందు నిలబడి ఒక ఫోటో దిగాలి. దానికోసం హాల్లో మేకు కూడా కొట్టి బయల్దేరాడు. భార్య సీతమ్మ కూడా రావలసిందే. ఆమె పాస్‌పోర్టు ఫోటో తీసింది బాషాయే. తీరా ప్రయాణం ముందు మోకాలు వాచింది, డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. “నా వంతు కూడా మీరే చూసి రండి” అని ఆమె కారంపొడి డబ్బా కట్టిచ్చింది.

జావాలో బ్రోమో కొండ దగ్గర తెల్లవారింది. సుబ్బరామయ్య కోటు సర్దుకుని నిలబడ్డాడు.

“రవ్వంత జరుగు సామీ.”

జరిగాడు.

“ఇంకా.”

“ఇంకా జరిగితే అగ్గిలో పడతానయ్యా!”

“పడవులే. ఆ గుండ్రాయి ఎనక్కు పో. ఈడ జాగా ఖాళీగా ఉండాల.”

ఫోటోలో కొండ వచ్చింది, పొగ వచ్చింది, సుబ్బరామయ్య రాలేదు. ఆయన సొంతంగా సెల్ఫీ తీసుకుంటే మొహమే కొండంత వచ్చి, కొండ కనబడకుండా పోయింది.

బాలి తీరంలో ఇంకో పిచ్చి మొదలైంది. నల్లటి ఇసుక మీద బాషా తన చెప్పులు పెట్టాడు, పక్కనే సుబ్బరామయ్య చెప్పులు పెట్టించాడు. వెనక్కి వచ్చి కెమెరాలో చూశాడు, చెప్పులు తీయించి ఫోటో తీశాడు. ఈలోగా సుబ్బరామయ్య కాలే ఇసుకలో కుప్పిగంతులు వేస్తున్నాడు. అటువైపు వచ్చిన తెల్లవాళ్ల జంట, తెలుగు రాకపోయినా బాషా చెయ్యి ఊపు చూసి జరిగింది. అల మాత్రం జరగలేదు. బాషానే జరిపి పడేసింది. అతను ఎత్తిపట్టిన కెమెరా ఒక్కటే నీళ్ల పైన నిలబడింది.

“నా మొహమంటే నీకెందుకు పడదు బాషా? సీతకు ఏం చూపించేది? నేను పోయొచ్చినట్టు సాక్ష్యమేది?”

“చూస్తాదిలే సామీ. రవ్వంత ఓర్చుకో.”

ఊరికి వచ్చాక సుబ్బరామయ్య బాషాతో మాట్లాడడం మానేశాడు. హాల్లో మేకు వట్టిగా ఉంది, దానికి సీతమ్మ సంచి తగిలించింది. అది చూసినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది. ఒకరోజు బాషా ఫోన్ చేశాడు.

“ఆటో పంపిస్తాండా సామీ. ఆ కోటు ఏసుకొని, అమ్మను పిల్చుకొని రా. మెట్లు లేవులే.”

వెళ్లి చూస్తే స్టూడియో గోడ మొత్తం పొగ కక్కే కొండ. పాత పూలతోట పరదా తీసేసి అంత పెద్ద ఫ్లెక్సీ కట్టాడు. కొండ ముందు, సరిగ్గా రెండు జతల చెప్పులు పట్టేంత ఖాళీ. అక్కడ ఒక స్టూలు వేసి, రాయిలా కనబడాలని నల్లరంగు పూశాడు.

“ఇదేంది బాషా?”

“ఆడ నిన్నొక్కణ్ణే నిలబెట్టి తీసింటే, అమ్మ యాడ నిలబడతాది సామీ?”

సుబ్బరామయ్యకు కోటు గుండీలు పెట్టుకోవడంలో చాలా పని పడింది.

సీతమ్మ కొండను తేరిపార చూసింది. అక్కడ చలి ఉంటుందని విన్నది కదా, కొంగు నిండుగా కప్పుకుని స్టూలు మీద కూర్చుంది. భర్త పక్కన నిలబడ్డాడు. కొండ పొగ ఆయన నడినెత్తి మీదినుంచి లేస్తోంది.

“రవ్వంత జరుగు సామీ,” అన్నాడు బాషా.

“జరగొద్దండీ,” అంది సీతమ్మ. “మీ కోపం ఎట్లుంటుందో చెబితే మా చెల్లెలు నమ్మదు. ఇది చూపిస్తాను.”

ఫోటో మేకుకు ఎక్కింది. వారం తిరక్కముందే పెద్దముడియం నుంచి గంగులయ్య పెండ్లాంతో, మేకతో స్టూడియోకు దిగాడు. “మాకూ ఆ పొగకొండ కావాలప్పా,” అన్నాడు.

బాషా కెమెరాలో చూసి చెయ్యి ఊపాడు. “రవ్వంత జరుగప్పా!”

గంగులయ్య జరిగాడు. పెండ్లాం జరిగింది. మేక జరగలేదు. ఆ ఫోటోలో కొండ ముందు, నడిమధ్యన, మేక ఉంది.